లక్షా తొంభై వేల నాన్న

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ దగ్గరపడేసరికి తెలంగాణ పట్నాల్లో ఒక రకం నాన్న ఉన్నట్టుండి చితికిపోతాడు. ఏడాది పొడుగునా ఎరువుల దుకాణంలో గల్లాపెట్టె పక్కన కాలు మీద కాలేసుకు కూర్చున్న మనిషే, ఆదాయం సర్టిఫికెట్ కోసం మీసేవకు వచ్చేటప్పుడు కారు రెండు వీధుల అవతల ఆపి, ఉంగరాలు జేబులో వేసుకుని, మాసిన చొక్కాతో లోపలికొస్తాడు. ఏడాది ఆదాయమెంతని అడిగితే, "లక్షా తొంభై వేసుకో బాబూ" అంటాడు, బేరం ఖాయం చేసినట్టు. అదే వారం పెళ్లిళ్ల పేరయ్య పెద్దమ్మాయికి సంబంధం తెస్తే, నెలకు లక్షకు తగ్గదని చెప్పేదీ ఆ నోరే. ఇందులో ఆయనకు తప్పేమీ కనపడదు. మొదటిది సర్కారు లెక్క, రెండోది బంధువుల లెక్క.

ఈయన్ని తిట్టేముందు ఈయన్ని తయారుచేసిన గీతను చూడాలి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎన్నో ఇళ్లలో తొలి ఇంజనీరును చూపించిన పథకం. తెలంగాణలో బీసీలకు దాని ఆదాయ పరిమితి పట్నంలో 2 లక్షలు, పల్లెలో లక్షన్నర. పరిమితికి లోబడినవాడి బిడ్డకు 10,000 లోపు ర్యాంకొస్తే ఫీజంతా సర్కారుదే, ర్యాంకు దాటితే 35,000 దాకా. ఆదాయం పరిమితి దాటితే మాత్రం సున్నా. వెయ్యి రూపాయలు ఎక్కువ సంపాదించిన పాపానికి లక్ష పోయేచోట, గీత కింద దూరడానికి నేరబుద్ధి అక్కర్లేదు, కూడికలు తీసివేతలు వస్తే చాలు. పైగా ఆ గీతకు దొరికేది డబ్బున్నవాడు కాదు, జీతం చీటీ ఉన్నవాడు. నెలకు 18,000 తెచ్చుకునే గుమస్తా ఆదాయం ఏడాదికి 2,16,000. చీటీ సాక్షిగా అతను 'ధనవంతుడు'. దుకాణం రాబడి మాత్రం దేవుడికీ గల్లాపెట్టెకీ తప్ప ఎవరికీ తెలియదు.

అంతమాత్రాన అబద్ధం నిజమవుతుందా, ఇది పేదవాడి నోటికాడి కూడు కాదా అంటారు. నిజమే. సర్కారు బకాయిలు పడి, ఫీజు కడితేగాని సర్టిఫికెట్లు ఇవ్వమని కాలేజీ భీష్మించినప్పుడు, మన లక్షా తొంభై వేల నాన్న సణుక్కుంటూనే ఒక్క చెక్కుతో కట్టేస్తాడు. అసలు పేద నాన్న మూడు రూపాయల వడ్డీకి అప్పు చేస్తాడు. అయితే తనిఖీలు పెంచాలన్నది మందు కాదు. ఆ తనిఖీకీ ముందు దొరికేది చీటీ ఉన్న గుమస్తాయే. ఆదాయం పెరిగేకొద్దీ సాయం మెట్లు మెట్లుగా తగ్గాలి. అంత లెక్క సర్కారుకు సాధ్యమా అనేవాళ్లున్నారు. ర్యాంకును బట్టి సాయం తగ్గించడం వచ్చినవారికి ఆదాయాన్ని బట్టి తగ్గించడం రాకపోదు. మెట్లున్నా దాచేవాడు కొంత దాస్తాడు. కానీ పాతికవేలు దాచితే మిగిలేది రెండుమూడు వేలే అయినప్పుడు, దానికోసం కారు రెండు వీధుల అవతల ఆపి ఎండలో నడవడం దండగ. ఆ రోజున ఈయన నిజమే చెబుతాడు, నీతి పుట్టుకొచ్చి కాదు, అబద్ధం గిట్టుబాటు కాక.