వింత జంతువు తిరుగుతోందంటే జంతువును వెతకొద్దు

ఊరి చివర వింత జంతువు కనిపించిందని కబురు రాగానే అందరూ చెప్పే సలహాలు కొన్ని ఉన్నాయి. చీకటి పడ్డాక వెళ్లండి, మంచి కెమెరా పట్టుకెళ్లండి, కళ్లారా చూసినవాళ్లను ముందు పట్టుకోండి, నలుగురినీ పోగేసి గాలించండి. నేను చెప్పేవి వీటికి తలకిందులుగా ఉంటాయి. వినగానే ఇదేం పద్ధతి అనిపిస్తుంది. అయినా ప్రతి మాటా నమ్మే రాస్తున్నాను. ఇలాంటి కబుర్ల చరిత్ర చూస్తే, ఆ ప్రాణి చేతిలో పోయినవాళ్లు అరుదు. భయంతో పోయినవాళ్లు, గుంపు చేతుల్లో దెబ్బలు తిన్నవాళ్లు కనిపిస్తారు.

అందుకే మొదటి సలహా: జంతువును పక్కన పెట్టి, దాని పేరు మీద దెబ్బలు తినబోయే మనిషి ఎవరో చూడండి.

2001 మే నెలలో ఢిల్లీలో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. మాడ్చేసే ఎండలు, కరెంటు కోతలు, డాబాల మీద పడుకున్న జనం. కోతి మనిషి వచ్చి రక్కి పోతున్నాడని పుకారు లేచింది. ఒళ్లంతా బొచ్చని ఒకరు, తలకు హెల్మెట్ ఉందని ఇంకొకరు, ఇనుప గోళ్లని మరొకరు చెప్పారు. పోలీసులకు వందల కొద్దీ ఫోన్లు వచ్చాయి. ఆచూకీ చెబితే 50,000 రూపాయలిస్తామని ప్రకటించారు కూడా. అర్ధరాత్రి ఎవరో కేక వేస్తే ఉలిక్కిపడి లేచి, డాబాల మీంచి పడి జనం చనిపోయారు. పొట్టిగా ఉన్నాడన్న పాపానికి ఒక సాధువును పట్టుకుని చితకబాదారు. చివరికి అలాంటి ప్రాణి ఏదీ లేదని తేల్చారు. తేల్చేనాటికి పోయిన ప్రాణాలు పోనే పోయాయి. బహుమతి ప్రకటన లాంటి పని మీరు మాత్రం ఎప్పుడూ చేయొద్దు, ఎవరినీ చేయనివ్వొద్దు. డబ్బు మాట వినపడ్డాక ప్రతి నీడకూ గోళ్లు మొలుస్తాయి.

మన దగ్గరా అంతే. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని ఫోన్లలో తిరిగిన మాటలకు హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. అక్కడ భయపెట్టింది జంతువు కాదు, నిజమే. కానీ భయం నడిచే దారి ఒకటే. ఆ రోజుల్లోనే జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసులను పంపి జనంతో మాట్లాడించారు, జానపద కళాకారులతో పాటలు కట్టించి పుకార్లను ఎదుర్కొన్నారు. వింత జంతువు కబురు విచారించబోయేవాళ్లు ఆ పని నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

కాబట్టి ఊళ్లో అడుగుపెట్టగానే సర్పంచ్‌ను గానీ, స్టేషన్ నుంచి ఆ ఊరు చూసే కానిస్టేబుల్‌ను గానీ అడగండి: ఈ వారంలో ఊరికి కొత్తగా ఎవరొచ్చారు? దుప్పట్లమ్మేవాళ్లు, మందలు తోలుకొచ్చిన కాపరులు, మతి స్థిమితం లేక తిరిగేవాళ్లు ఎక్కడ పడుకుంటున్నారు? వాళ్లకు రాత్రిపూట తలుపున్న చోటు చూపించాక మిగతా పని మొదలుపెట్టండి. రాత్రి కర్రలు పట్టుకుని గస్తీ తిరిగే కుర్రాళ్లుంటే వాళ్లతో కూర్చుని మాట్లాడండి. వద్దని గదమాయిస్తే వినరు. ఎవరు ఎదురైనా ముందు పేరు అడగాలని, చెయ్యెత్తకుండా ఫోన్ చేయాలని ఒప్పించండి.

రెండోది: రాత్రి వెళ్లొద్దు. రాత్రి మీకు కనిపించేది మెరిసే కళ్లే. కుక్క కళ్లూ మెరుస్తాయి, పునుగుపిల్లి కళ్లూ మెరుస్తాయి, దేవాంగపిల్లి కళ్లయితే చెట్టుమీద నిప్పుకణికల్లా కనిపిస్తాయి. పొద్దున్నే వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడే వేళ అడుగుజాడల అంచులు నీడ కట్టి స్పష్టంగా తేలతాయి, నడినెత్తికి సూర్యుడు వచ్చాక అదే అడుగు చదునైపోతుంది. ముందురోజే ఫోన్ చేసి, అడుగు కనిపించిన చోట తట్టో గంపో బోర్లించమని చెప్పండి. మనుషులు తొక్కకుండా ఉంటే సగం విచారణ అయిపోయినట్టే.

కెమెరా సంగతి తర్వాత, ముందు టేపు జేబులో పెట్టుకోండి. అడుగు పక్కన టేపు పరిచి, సరిగ్గా పైనుంచి ఫొటో తీయండి. పక్కవాటంగా తీస్తే పిల్లి అడుగు కూడా పులి అడుగంత సాగుతుంది. నాలుగు వేళ్ల ముందు గోళ్ల గుర్తులు పడ్డాయా చూడండి. పడితే అది చాలావరకు కుక్క, నక్క, దుమ్ములగొండి జాతుల్లో ఏదో ఒకటి. పిల్లి జాతి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది, దాని మడమ మెత్తకు వెనక అంచున మూడు వంపులుంటాయి. దుమ్ములగొండికి ముందుకాలి అడుగు వెనకకాలి అడుగు కంటే బాగా పెద్దది. ఒకే చోట రెండు సైజుల అడుగులు చూసి రెండు జంతువులొచ్చాయని ఊరు హడలిపోవడానికి ఇదే కారణం కావచ్చు. దాని పెంట ఎండితే సున్నంలా తెల్లగా ఉంటుంది, ఎముకలు నమిలి తింటుంది కాబట్టి. చిరుత అడుగు వెడల్పు మామూలుగా 10 సెంటీమీటర్ల లోపే, ఎదిగిన పెద్దపులిది అంతకంటే పెద్దది.

కొలతతోనే అంతా తేలిపోదు. 1951లో ఎరిక్ షిప్టన్ అనే పర్వతారోహకుడు హిమాలయాల్లో మెన్‌లుంగ్ హిమానీనదం మీద తీసిన, యెతి అనే మంచుమనిషిదని చెప్పుకున్న అడుగు ఫొటోలో పక్కన మంచుగొడ్డలి ఉంది, అంటే కొలతకు లోటు లేదు. కానీ మంచు మీద పడ్డ అడుగు ఎండకు కరిగి పెరుగుతుంది. ఆ అడుగు పడి ఎంతసేపయిందో గొడ్డలి చెప్పలేదు. మన నేలల్లోనూ తడి మట్టిలో, ఊబి గట్టున అడుగు జారి పెద్దదవుతుంది. ఒక్క అడుగును నమ్మొద్దు. వరసగా పడ్డ అడుగులు కొలవండి, వాటి మధ్య దూరమూ కొలవండి.

చచ్చిన గొర్రె దగ్గరికి వెళ్లినప్పుడు మీకు తప్పకుండా వినపడే మాట, రక్తం పీల్చేసిందని. ప్రాణం పోయి గుండె ఆగాక రక్తం కింది వైపుకు దిగిపోతుంది. పైనున్న గాయంలోంచి చుక్క కూడా కారదు. పశువుల డాక్టరు కోసి చూపిస్తే అక్కడే ఉంటుంది. ఆ పని జనం చూస్తుండగా చేయించండి, మాటలతో నమ్మించాల్సిన అవసరమే ఉండదు. చిరుతయితే గొంతు పట్టుకుంటుంది, కోరలు దిగిన లోతైన రంధ్రాలుంటాయి. ఊరకుక్కల గుంపయితే వెనక తొడలు, చెవులు, తోక చీలికలైపోయి ఉంటాయి, ఒకే రాత్రి పది గొర్రెల్ని చంపి ఒక్కదాన్నీ సరిగా తినవు. కళ్లు, నాలుక పోయాయంటే కాకులు, చీమలు తర్వాత చేసిన పనేమో చూడండి.

ఇక మనుషుల్ని అడగడం. చూసినవాళ్ల దగ్గరికి ముందు వెళ్లొద్దు, చూడనివాళ్ల దగ్గరికి వెళ్లండి. అదే రాత్రి పక్క కల్లంలో పడుకున్నాయన, తెల్లవారుజామున పాలకు లేచినావిడ, ఆఖరి బస్సు దిగి నడిచొచ్చిన కుర్రాడు. వాళ్లకు ఏం వినపడింది, ఏం వినపడలేదు, కుక్కలు మొరిగాయా? ఏమీ జరగలేదన్న మాటను ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ దాన్ని పెంచి చెప్పరు.

తర్వాత చూసినాయన దగ్గర కూర్చోండి, ఒంటరిగా. "ఏముంది బాబాయ్, మొదట్నుంచి చెప్పు" అనండి, అంతే. "ఎంత పెద్దగా ఉంది? కొమ్ములున్నాయా?" అని అడిగారంటే కొమ్ములు మీరే ఇచ్చినట్టు. ఎత్తు ఎన్ని అడుగులని అడగొద్దు. ఆయన్ను చూసిన చోటే నిలబెట్టండి, జంతువు ఉన్న చోటికి ఒకరిని నిలువు కర్రతో పంపండి. కర్ర మీద చెయ్యి పైకి, కిందికి జరుపుతూ ఉంటే ఆయనే ఆపమంటాడు. ఆ చేతి దగ్గర టేపు పెట్టండి. నోటితో ఆరడుగులన్నది చాలాసార్లు నడుం దగ్గరే ఆగుతుంది. అందులో అబద్ధమేమీ లేదు, చీకట్లో పక్కన పోల్చుకోవడానికి ఏదీ లేకపోతే ఎవరి కన్నయినా అంతే. ఆ కొలత చూసి నవ్వొద్దు, "చూశావా" అని దెప్పొద్దు. రాసుకుని ఊరుకోండి.

ఫోన్‌లో బొమ్మలు చూపించి ఇదేనా అని అడగొద్దు. చూపక తప్పకపోతే ఆఖర్న చూపండి, పోలికలున్నవి ఆరేడు కలిపి. ఈ మధ్య ఏ సినిమా చూశారో, ఏ వీడియో వచ్చిందో కూడా అడగండి, చులకన చేయకుండా. 1995లో ప్యూర్టోరికోలో చుపకాబ్రా అనే రక్తపిశాచి జంతువు వర్ణన పుట్టింది. వీపున ముళ్లు, పెద్ద కళ్లు. బెంజమిన్ రాడ్‌ఫోర్డ్ అనే పరిశోధకుడు వెనక్కి తవ్వుకుంటూ పోతే, ఆ వర్ణన ఇచ్చిన మనిషి అదే ఏడాది వచ్చిన 'స్పీసీస్' సినిమా చూసిందని, అందులోని ప్రాణికీ ఈమె చెప్పినదానికీ పోలిక ఉందని తేలింది. ఆమె మోసం చేసిందని అనలేం. మనసు ఎక్కడి బొమ్మనయినా తెచ్చి చీకట్లో నిలబెడుతుంది. తర్వాత అమెరికాలో చుపకాబ్రా కళేబరాలని చూపినవి గజ్జి పట్టి బొచ్చు రాలిన, నక్కను పోలిన కొయొటీల వంటి మామూలు జంతువులే.

నా సలహాల్లో అన్నిటికంటే ఎదురు తిరిగేది ఇది: పెద్దమనుషుల మాటను ఎక్కువ అనుమానించండి, ఊరి చివర ఉండేవాళ్ల మాటకు ఎక్కువ విలువివ్వండి.

స్కాట్లాండ్‌లోని నెస్ సరస్సు వింత జంతువు సంగతి తెలిసిందే. 1933 చివర్లో డైలీ మెయిల్ పత్రిక మార్మడ్యూక్ వెదరెల్ అనే వేటగాణ్ణి పంపితే, ఆయన ఒడ్డున పెద్ద అడుగులు కనిపెట్టాడు. అవి ఎండబెట్టిన నీటిగుర్రం కాలితో అద్దినవని లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం తేల్చేసింది. 1934 ఏప్రిల్ 21న అదే పత్రికలో పొడవాటి మెడ ఫొటో వచ్చింది. తీసింది రాబర్ట్ కెనెత్ విల్సన్ అనే లండన్ డాక్టరన్నారు. డాక్టరు అబద్ధమెందుకాడతాడు? అరవై ఏళ్లు ఆ ఫొటో నిలిచింది. బొమ్మ జలాంతర్గామికి లప్పం లాంటిదానితో మెడ, తల అతికించి తీశారని, ఆ పని వెదరెల్ సవతి కొడుకుదని, డాక్టరు పరువు కోసం పెట్టిన ముఖమని 1994లో బయటికొచ్చింది.

ఇప్పుడు కడప జిల్లాకు రండి. కలివికోడి అనే పక్షిని 1848 ప్రాంతంలో జెర్డాన్ అనే ప్రకృతి పరిశోధకుడు లోకానికి తెలియజెప్పాడు. 1900 తర్వాత పరిశోధకులెవరికీ కనపడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర పొదల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్‌కు అది దొరికింది. దొరకడానికి కారణం పెద్ద పరికరాలు కావు. రాత్రిళ్లు దీపం పట్టుకుని పిట్టల వేటకు తిరిగే స్థానికులకు ఆ పక్షి తెలుసు. అది రాత్రి తిరిగే పక్షి. ఆ సంగతి పుస్తకాల్లో లేదు, వాళ్ల కాళ్లకు తెలుసు. ఆ నేల కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. లేదని తేల్చేసిన ప్రాణి ఎనభై ఆరేళ్లు ఆ జిల్లాలోనే మన మనుషులకు కనిపిస్తూ ఉంది. అడగాల్సినవాళ్లను అడగలేదు, అంతే.

తర్వాత పరిశోధకులు ఆ పక్షిని పట్టకుండానే దాని జాడ తీశారు. పొదల మధ్య దారుల్లో జల్లించిన మట్టిని పట్టీలుగా పరిచి, పొద్దున్నే అడుగులు చూశారు, పోలికున్న ఇతర పక్షుల అడుగులతో కొలతలు వేసి వేరుచేశారు. మీరూ ఇదే చేయొచ్చు. గొర్రెల దొడ్డి చుట్టూ మూరెడు వెడల్పున మెత్తటి మట్టి జల్లించి పరవండి. పైసా ఖర్చు లేదు, ఎవరూ రాత్రి మేలుకోనక్కర్లేదు, వచ్చింది ఏదైనా సంతకం పెట్టి పోతుంది.

అసాధ్యమన్న మాట నోట రానివ్వొద్దు. 2022లో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలంలో పశువులు చచ్చిపోతున్నాయంటే అటవీశాఖవాళ్లు అడుగులు చూశారు, కెమెరాలు కట్టారు, వాటిలో పెద్దపులే పడింది. మరో వైపు 2017లో విశాఖలో కట్టడం జరుగుతున్న చోట గ్రహాంతరవాసులున్నారని తిరిగిన వీడియోలో ఉన్నవి తెల్లమొహం గుడ్లగూబ పిల్లలు. నిటారుగా నిలబడి, బొచ్చు సరిగా రాక, పెద్ద కళ్లతో చూస్తుంటే ఎవరైనా జడుసుకుంటారు. అలాంటి చోట తల్లి తిరిగొచ్చేలా దూరంగా జరగమనడమే విచారణలో ముఖ్యమైన భాగం.

నష్టపోయిన రైతుకు పరిహారం సంగతీ మరవొద్దు. అడవి జంతువు చంపితే అటవీశాఖ ఇస్తుంది, ఊరకుక్కలు చంపితే ఆ దారి ఉండదు. కాబట్టి చిరుతే అని చెప్పాలని ఆయనకు ఉంటుంది, బ్యాంకు అప్పుతో కొన్న గేదె అది. ఆ అవసరాన్ని గౌరవిస్తూనే కొలతలు కొలతల్లాగే రాయండి. కళేబరాన్ని కదిలించకుండా ఫారెస్టు బీట్ ఆఫీసర్‌కు, పశువుల డాక్టరుకు కబురు చేయండి. వాళ్లొచ్చేదాకా పక్కనే ఉండండి. మీరు రాసిన కాగితంలో "ఏ జంతువో తెలియలేదు" అని రాయాల్సి వస్తే అలాగే రాయండి. దాన్ని పత్రికకు పంపే ముందు ఆ రైతు ఇంటి అరుగు మీద కూర్చుని, ఆయనకూ చూసినవాళ్లకూ చదివి వినిపించండి, తప్పుంటే అక్కడే దిద్దించుకోండి.