ఆయుష్మాన్ భవ, నోబెల్ ప్రాప్తిరస్తు!

అక్టోబరు వచ్చిందంటే స్వీడన్ నుంచి ఫోన్లు మోగుతాయి. ఎవరింట్లో మోగుతుందో చెప్పలేం గానీ, ఎవరింట్లో మోగదో ముందే చెప్పొచ్చు: పోయినవాళ్లింట్లో.

గడిచిన ఏడాదిలో మానవాళికి గొప్ప మేలు చేసినవాళ్లకి ఇవ్వమని ఆల్ఫ్రెడ్ నోబెల్ వీలునామా రాశాడు. ఏడాదంటే మనకి పన్నెండు నెలలు. కమిటీ పంచాంగమే వేరు. పాపం, వాళ్లకీ ఓ చేదు అనుభవం ఉంది. ఎలుకల కడుపులో పురుగులు క్యాన్సర్ తెస్తాయన్న ఫిబిగర్‌కి 1926 బహుమతి కట్టబెట్టారు. తీరా చూస్తే పురుగులు నిర్దోషులు!

ఇక నిదానమే ప్రధానం. కోళ్లలో కణితి తెచ్చే వైరస్‌ని పేటన్ రౌస్ 1911లో పట్టుకుంటే, 1966లో పిలిచారు. అప్పటికాయనకి 87 ఏళ్లు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ 1931 నాటిది. ఎర్నెస్ట్ రుస్కాకి బహుమతి ముట్టింది 1986లో. దాన్ని ఆయనతో కలిసి తయారుచేసిన మాక్స్ నోల్ 1969లోనే కన్నుమూశారు. ఆయన చేసిన పొరపాటల్లా అదే.

హిగ్స్ కణం కథ ఇంకా సొగసు. 1964లో ఆ సిద్ధాంతం రాసినవాళ్లు ఆరుగురు. బహుమతి ముగ్గురికి మించకూడదు. వాళ్లలో రాబర్ట్ బ్రౌట్ 2011లో పోయారు, కణం 2012లో దొరికింది. 2013లో హిగ్స్‌కీ ఆంగ్లేర్‌కీ ఇచ్చి మూడో కుర్చీ ఖాళీగా వదిలేశారు. దానికి అర్హులు ఇంకో ముగ్గురు బతికే ఉన్నారు మరి! ఒకరికిస్తే ఇద్దరు నొచ్చుకుంటారని, ముగ్గురినీ సమానంగా నొప్పించారు.

కమిటీకి దయ లేదనకండి. 2011లో రాల్ఫ్ స్టైన్‌మన్ పేరు ప్రకటించాక, ఆయన మూడు రోజుల ముందే పోయారని తెలిసింది. బతికున్నారనుకునే ఇచ్చాం గనక చెల్లుతుందన్నారు. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వని మన పెన్షనర్‌కి ఇంత మర్యాద ఎక్కడిది?

భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావుకీ నోబెల్ దక్కలేదు. అమెరికాలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతో పిల్లల్లో లుకేమియా తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని 1948లో లోకానికి తెలిసింది. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన పోయారు, 53 ఏళ్లకి. నోబెల్ లెక్కలో అది పసితనం.

కనక యువ శాస్త్రవేత్తలారా, పరిశోధన ఎలాగూ చేస్తారు, ముందు షుగరూ బీపీ చూపించుకోండి. బహుమతులు చేతికిచ్చేది డిసెంబరు 10న, నోబెల్ వర్ధంతి నాడు. పోయినవాళ్లలో ఏటా ఆ సభలో గౌరవం దక్కేది ఆయనొక్కడికే.