చలికాలం ఈత పీరియడ్: కరస్పాండెంట్ గారికి సలహాలు

డిసెంబరు వచ్చేసింది. నగర శివారులో మీ స్కూలు, స్కూలు వెనక ఆరుబయట స్విమ్మింగ్ పూలు, దాని ఫీజు జూన్‌లోనే వసూలు. పటాన్‌చెరు వైపు రాత్రి చలి పది డిగ్రీలకు దిగిందని పేపర్లో పడగానే పేరెంట్ల వాట్సాప్ గ్రూపు మోత మొదలవుతుంది. కంగారు పడకండి. నేను రిటైరైన పీఈటీని. పాతికేళ్లు పిల్లల్ని నీళ్లలోకి దింపాను, ఒక్కనాడూ నేను దిగలేదు. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందుగా, పూలు దరిదాపుల్లో థర్మామీటరు లేకుండా చూసుకోండి. అంకె కనబడిందా, వాదన మొదలవుతుంది. అంతర్జాతీయ పోటీలు జరిగే పూలులో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలన్న నియమం ఏ తండ్రి చెవినో పడితే ఆ ఏడాదికి మీ పని అయిపోయినట్టే. అంకె లేనన్నాళ్లూ చలి అనేది ఎవరి అభిప్రాయం వారిది. "ఏం చలిరా, నాకేం తెలియడం లేదే!" అని గట్టు మీది సారు ధీమాగా అనగలగాలి. ఆయనకు మఫ్లరు, ట్రాక్ సూటు, ఫ్లాస్కులో టీ అందేలా చూడండి.

పేరెంట్స్ మీటింగులో ఎవరైనా లేచి అడిగితే మీ ఊరి బావి ఎత్తుకోండి. వీపుకు సొరకాయ బుర్ర కట్టి మామయ్య మిమ్మల్ని బావిలోకి తోసేశాడనీ, నాలుగు గుక్కల నీళ్లు మింగి మూడోనాటికి చేపపిల్లయ్యారనీ చెప్పండి. సభ మెత్తబడుతుంది. తండ్రుల్లో సగం మందికి అలాంటి బావి ఒకటి ఉంటుంది, మిగతా సగం ఉందని చెప్పుకుంటారు. అది వేసవి సెలవుల్లో, మిట్టమధ్యాహ్నం, మామిడిపళ్ల రోజుల్లో జరిగిందన్న ముక్క మాత్రం జారనివ్వకండి. వెనక వరసలో ఏ తాతగారైనా ఉంటే మరీ జాగ్రత్త. "చలికాలం బావినీళ్లు గోరువెచ్చగా ఉంటాయి కదు నాయనా" అంటాడు. ఆ మాట నిజం. నేల లోపలి నీళ్లు ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే వేడిలో ఉంటాయి, అందుకే చలిపొద్దున బావి మీద ఆవిరి లేస్తుంది. మీది సిమెంటు తొట్టి. రాత్రల్లా ఆకాశం కింద పడి ఉండి పగటి వేడి కాస్తా పోగొట్టుకుంటుంది. తాతగారి చేతిలో మైకు తీసుకుని శాలువా కప్పేయండి. సన్మానం అనుకుంటారు.

పూలు గోడ మీద మిహిర్ సేన్, ఆరతి సాహాల బొమ్మలు వేయించండి. 1958లో ఇంగ్లిష్ ఛానల్ ఈదిన తొలి భారతీయుడు ఆయన. ఆ మరుసటేడు ఈది, ఆసియా మహిళల్లో మొదటివారయ్యారు ఆవిడ. ఇద్దరూ ఈదింది సెప్టెంబరులో, అక్కడి సముద్రం ఉన్నంతలో వెచ్చగా ఉండే రోజుల్లో. ముఖ్యంగా, తమంతట తాము వెళ్లి ఈదారు. బొమ్మ కింద ఇవేవీ రాయించనక్కర్లేదు. అలాగే కార్తీక మాసంలో నానమ్మలు తెల్లవారుజామున ఏట్లో స్నానం చేస్తారు, మనవళ్లకేం మాయరోగం అనండి. నానమ్మ మూడు మునకలు వేసి గట్టెక్కి పొడిచీర కట్టుకుంటుంది. మీకు అంత తొందరేం లేదు.

ఇక అసలు పని, వరస. నలభై నిమిషాల పీరియడ్, నలభై రెండు మంది పిల్లలు, ఒక్క కోచ్. అందరినీ ఒకసారి ముంచి తీసి, గట్టు మీద వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి పేరూ పిలవండి. నీళ్లు ఒంట్లో వేడిని గాలికంటే దాదాపు పాతిక రెట్లు వేగంగా లాగేస్తాయి, బక్క ఒళ్లయితే మరీ తొందరగా. గట్టెక్కితే గండం గడిచిందనుకుంటాడు వెర్రి కుర్రాడు. కూజాలో నీళ్లు ఏ కిటుకుతో చల్లబడతాయో తడి చడ్డీలో ఉన్న కుర్రాడూ అదే కిటుకుతో చల్లబడతాడు, కాస్త గాలి తోలితే చాలు. సైన్సు టీచరును పిలిపిస్తే ఆవిరి పాఠం కూడా పూర్తవుతుంది. తువ్వాళ్లు మాత్రం క్లాసురూములో బ్యాగుల్లోనే ఉండాలి. వణుకు అంటే కండరాలు తమకు తామే వేడి పుట్టించుకోవడం కాబట్టి దాన్ని ఎక్సర్‌సైజు కింద రాసుకోండి. వణికేవాడు వణకడం ఆపి మగతగా చూస్తుంటే "అలవాటు పడ్డాడు" అని రాయండి. డాక్టర్లు దాన్ని ముదిరిన లక్షణం అంటారు, అంబులెన్స్ పిలవమంటారు. డాక్టర్లు అలాగే అంటారు.

ఏప్రిల్లో ఈదించొచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. వాళ్లకు క్యాలెండరు చూపించండి. పిల్లలకు నీళ్లు చూస్తే ప్రాణం లేచొచ్చే రోజుల్లో స్కూలుండదు, ట్యాంకరు నీళ్లతో పూలు నింపే స్తోమత మీకుండదు. జూన్‌లో తెరిస్తే వానలు. బతుకమ్మ, దసరా సెలవులు దాటేసరికి టైంటేబుల్లో మిగిలేది చలికాలమే. ఎవరూ పనిగట్టుకుని చలిలో ముంచాలని అనుకోలేదు, ముంచడానికి వేరే నెల దొరకలేదంతే. ఈ మాట నిజం కాబట్టి బయట అనకండి. "క్రమశిక్షణ" అనండి.

ఒకసారి ఏడో తరగతి పిల్ల ఒకతె నన్నే అడిగింది, "సార్, ముందు మీరు దిగండి సార్" అని. సైనస్ ఉందమ్మా అన్నాను. మర్నాడు ముప్ఫై తొమ్మిది మంది డైరీల్లో సైనస్ వచ్చింది. అందుకని, జవాబు ముందే ఆలోచించి పెట్టుకోండి, పిల్లలు రాసుకోలేనిది.

చివరగా బ్రోచరుకు ఫొటో. అడ్మిషన్లు దగ్గర పడుతున్నాయి కాబట్టి జనవరిలోనే తీయించాలి. అందరినీ నీళ్లలో నడుం లోతున నిలబెట్టి రెండు నిమిషాలు ఓపిక పట్టండి. పళ్లు కొట్టుకుంటుంటే ఫొటోలో నవ్వులాగే పడుతుంది. పెదవుల రంగొక్కటి డిజైనరు కుర్రాడితో సరిచేయించండి.