నేను, కాల్మోడ్యులిన్‌ని

148 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్‌ని నేను. మీ కండరంలో, మెదడులో, గుండెలో, ఎక్కడ చూసినా ఉంటాను. పేరు విన్నట్టు లేదు కదూ? నాకది అలవాటే. నేను నడిపించే ఎంజైముల పేర్లు మాత్రం పరీక్షలకు వల్లె వేస్తారు.

అసలు మొదట్లో నన్ను పారబోశారు. మెదడు కణజాలం నుంచి ఫాస్ఫోడైఎస్టరేజ్ అనే ఎంజైమును శుద్ధి చేసేవాళ్లకు ఒక చిక్కొచ్చింది. శుభ్రం చేసినకొద్దీ అది నీరసించిపోయేది. నీరసించదూ మరి! దాన్ని నడిపే నన్ను మలినమని వేరుచేసి పక్కన పెడుతుంటే! చివరికి 1970లో అమెరికాలో వాయ్ యూ చెయుంగ్, జపాన్‌లో షిరో కాకియుచి ఎవరికి వారుగా నా ఉనికిని పసిగట్టారు. నన్ను తిరిగి కలిపితే ఎంజైముకు ప్రాణం లేచొచ్చింది. కాస్త గొప్ప చెప్పుకోనివ్వండి: నేనున్న ద్రవాన్ని మరిగిస్తే తోటి ప్రోటీన్లు చాలావరకు ఉడికి గడ్డకట్టాయి, నేను చెక్కుచెదరలేదు.

నా పని కాల్షియంతో. తీరికగా ఉన్న కణంలో అది బహు తక్కువ, బయట సుమారు పదివేల రెట్లు ఎక్కువ. సంకేతం అందగానే లోపల కాల్షియం పెరుగుతుంది. నాలో నాలుగు చోట్లు, ఒక్కోచోట ఒక్కో అయాన్. అవి కుదురుకోగానే నా రెండు కొసలూ విచ్చుకుంటాయి. లోపల దాగిన, నీరంటే గిట్టని మెథియోనిన్లు బయటపడతాయి. వాటితోనే ఎంజైమును పట్టుకుంటాను. కొన్ని ఎంజైముల్లో తమ క్రియాస్థానానికి తామే అడ్డుకూర్చునే ముక్క ఒకటుంటుంది. నేను పట్టుకుంటే ఆ అడ్డు తొలగుతుంది. పేగుల్లోని నునుపు కండరం బిగిసేది అలాగే. కాల్షియం తగ్గగానే నేనూ వదిలేస్తాను.

ఫాస్ఫోరిలేజ్ కైనేజ్ అనే ఎంజైము దగ్గర మాత్రం నాది ఇల్లరికం. కాల్షియం ఉన్నా లేకున్నా అక్కడే ఉంటాను. నాలుగు రకాల ఉపభాగాలు నాలుగేసి చొప్పున 16 ఉన్న పెద్ద ఇల్లది. మీరు పరుగెత్తేటప్పుడు కండరంలో గ్లైకోజన్‌ను విడగొట్టే పని మొదలయ్యేది నాకు కాల్షియం తగిలాకే. అయినా మొదట్లో లెక్కల్లో ఆల్ఫా, బీటా, గామా ముగ్గురే! నాలుగో ఉపభాగం, డెల్టా, నేనేనని 1978లో డండీలో ఫిలిప్ కోహెన్ బృందం తేల్చింది.

1985లో నా స్ఫటిక నిర్మాణం అచ్చయింది. చేసినవాళ్లలో ముందుపేరు వై.ఎస్. బాబుది, ఇంటిపేరు యార్లగడ్డ. మీరు మురిసిపోవచ్చు. అందులో నేను డంబెల్‌లా బిర్రబిగుసుకుని ఉన్నాను. పుస్తకాలు ఆ బొమ్మను వదల్లేదు. నీటిలో నా నడుము ఎంత తేలిగ్గా వంగుతుందో ఎవరు గీస్తారు?

ఇంకో బాధ. ఆంత్రాక్స్ సూక్ష్మజీవి మీ కణంలోకి ఒక ఎంజైమును పంపుతుంది. దానికి సొంత ఊపు లేదు. లోపలికొచ్చి నన్నే తగిలించుకుని, కణాన్ని చక్రీయ ఏఎంపీ అనే సంకేత అణువుతో ముంచెత్తి వాపు తెస్తుంది. ఎవరు అడిగారు నన్ను?

నన్ను తయారుచేసే జన్యువులు మీలో మూడు. మూడూ అచ్చంగా ఒకే ప్రోటీన్‌ను ఇస్తాయి. తల్లివీ తండ్రివీ కలిపి ఆరు ప్రతులు. వాటిలో ఒక్కదాంట్లో ఒక్క అమైనో ఆమ్లం మారినా గుండె లయ ప్రమాదకరంగా తప్పవచ్చని 2012లో బయటపడింది.