రెండు స్తంభాలు, ఒక ఫ్రీజరు

అమెరికాలో తెలుగువాడి ఇంటి గ్యారేజీలో కారుకు తప్ప అన్నిటికీ చోటుంటుంది. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న మా ఇల్లు కూడా ఆ ధర్మం తప్పలేదు. రెండు కార్ల గ్యారేజీ అని ఇంటి కాగితాల్లో రాసుంది. లోపల మాత్రం సోనామసూరి బియ్యం బస్తాలు, గోంగూరా మునక్కాడలూ గడ్డకట్టి కూర్చున్న నిలువెత్తు ఫ్రీజరు, గారెలు వేసినప్పుడల్లా ఇంట్లో పొగ అలారం మోగకుండా పెట్టుకున్న రెండో పొయ్యి, బొమ్మల కొలువు మెట్లు, అటక మీద ఇండియా ప్రయాణాల సూట్‌కేసులు ఉంటాయి. మా ఆవిడ సియెన్నా వ్యాను ఏడాది పొడుగునా వాకిట్లో ఎండుతుంది. నేను ఎమ్మెస్ రోజుల్లో కొని ఇప్పటికీ వదలని పాత అకార్డ్ మాత్రం బియ్యం బస్తాల దయవల్ల ఒక పక్కన ఒదిగి ఉంటుంది.

ఇలాంటి గ్యారేజీలో రెండు స్తంభాల లిఫ్టు పెట్టాలని నాకు బుద్ధి పుట్టింది.

కారణం చాలా చిన్నది. అకార్డ్‌కు ఆయిలు నేనే మారుస్తాను, బ్రేకులు నేనే చూసుకుంటాను. ఇన్నాళ్ళూ దాని కింద పడుకుని చేశాను. ఇప్పుడు కిందికి దూరడానికి ఇబ్బంది లేదు. బయటికి రావడానికే ఎవరో ఒకరు కాళ్ళు పట్టుకుని లాగాల్సి వస్తోంది.

ఈ లిఫ్టు మీరు మెకానిక్ షెడ్లలో చూసే ఉంటారు. అటొక ఉక్కు స్తంభం, ఇటొక ఉక్కు స్తంభం, ఒక్కోదానికి రెండేసి చేతులు. ఆ నాలుగు చేతులూ కారు కిందికి చాచి, చట్రం దగ్గర పట్టు చూసి పైకెత్తుతాయి. చక్రాలు గాల్లో వేలాడతాయి. కార్ల లిఫ్టులకు మూలపురుషుడు టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో ఉండే పీటర్ లునాటి అనే మెకానిక్. క్షౌరశాలలో కుర్చీ పైకి లేవడం చూసి, మనిషిని లేపే ఉపాయం కారునెందుకు లేపదని ఆలోచించాడట. 1925లో రోటరీ లిఫ్ట్ కంపెనీ అలా మొదలైంది. ఆయన చేసింది నేలలోంచి ఒంటి స్తంభం లేచే రకం. మన ఊళ్ళలో కార్లు కడిగే సర్వీసింగ్ షెడ్లలో కనబడేది ఆ వంశమే. నేనూ అదే కుర్చీలో నలభై ఏళ్ళుగా కూర్చుంటున్నాను. నాకు నిద్ర తప్ప ఏ ఆలోచనా రాలేదు.

కోరిక పుట్టగానే శనివారం వ్రతానికి వచ్చిన మిత్రుల చెవిన వేశాను. ప్రసాదం చేతికి రాకముందే సలహాలు అందాయి. అందులో ఒక్కరూ జీవితంలో బానెట్ ఎత్తినవాళ్ళు కారు. అయినా ఏకగ్రీవంగా తేల్చారు: "పెద్దది తీసుకో. రేపొద్దున ట్రక్కు కొంటే?" 9,000 పౌండ్లు ఎత్తేవి, 10,000, 12,000 ఎత్తేవి బజార్లో ఉన్నాయి. నా అకార్డ్ 3,000 పౌండ్ల చిల్లర. సియెన్నా 4,700 దగ్గర తేలుతుంది. రెండిటినీ కట్టగట్టి తూచినా 8,000 దాటవు. కానీ అపార్ట్‌మెంట్లో ఉన్నప్పుడే పదిమందికి సరిపడే ఇడ్లీ పాత్ర కొనే జాతి మనది. అవసరాన్ని చూసి కొనడం మనకు నామోషీ.

పెద్ద లిఫ్టుతో చిక్కు ఏమిటంటే దాని చేతులు కూడా పెద్దవే. లావు చేతులు చిన్న కారు కిందికి సరిగా దూరవు. దూరినా, పట్టుకోవలసిన చోటు దగ్గరికి ముడుచుకు రావు. పైగా ఆ అంకె మొత్తానిది. 10,000 పౌండ్ల లిఫ్టు అంటే ఒక్కో చెయ్యి మోసేది 2,500 మాత్రమే. రెండు సూట్‌కేసులకు 46 కిలోలు ఇచ్చారు కదా అని ఒకదాంట్లో 27, రెండోదాంట్లో 19 సర్దుకుని వెళ్తే ఎయిర్‌పోర్టులో ఏం జరుగుతుందో మనకు తెలుసు కదా, లెక్క అచ్చం అదే. ముందు ఇంజను బరువున్న కారులో ముందు రెండు చేతుల మీద పడేదెంతో చూసుకోవాలి గానీ, కాగితం మీది మొత్తం చూసి మురిసిపోకూడదు.

ఆ సమయానికి మా మామగారు ఆరు నెలలకని వచ్చి ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద జీవితం గడిపిన మనిషి. ఇక్కడికొచ్చాక ఆయనకు చూపించిన మాల్సూ మ్యూజియంలూ ఏవీ ఎక్కలేదు. లిఫ్టు మాట వినగానే కళ్ళజోడు తెచ్చుకున్నారు.

"ఎంత ఎత్తుతుందన్నది తర్వాత చూద్దాం అల్లుడు గారూ. ముందు అది దేనిమీద నిలబడుతుంది?"

"నేలమీదే కదండీ."

"నేల కింద ఏముంది?"

ఈ ప్రశ్న లిఫ్టులు అమ్మేవాళ్ళెవరూ నన్ను అడగలేదు. వాళ్ళు రంగు అడిగారు.

నేలదాకా పోయేముందు కప్పు సంగతి. రెండు స్తంభాల లిఫ్టుల్లో రెండు రకాలు. ఒకదాంట్లో స్తంభాలను కలిపే కేబుళ్ళూ ఆయిలు గొట్టాలూ పైనుంచి అడ్డదూలంలో పోతాయి. కింద నేల శుభ్రంగా ఉంటుంది, కానీ ఆ దూలానికి పన్నెండు అడుగుల దాకా ఎత్తు కావాలి. రెండోదాంట్లో అవన్నీ నేలమీద ఒక ఉక్కు పలక కింద నడుస్తాయి. నేలమీద చిన్న మెట్టు లేస్తుంది గానీ స్తంభం తొమ్మిదిన్నర అడుగుల లోపే ఆగుతుంది. మా కప్పు పది అడుగులు. ఎంపిక అక్కడే అయిపోయింది, నా అభిప్రాయంతో పని లేకుండా.

అయితే స్తంభం పట్టినంత మాత్రాన కారు పట్టదు. సియెన్నా ఎత్తు అయిదడుగుల తొమ్మిది అంగుళాలకు అటూఇటూ. పదిలోంచి అది తీసేస్తే నాలుగడుగుల పైన మిగిలేది వేళ్ళ మీద లెక్క. అంటే వ్యాను కింద నిలబడాలన్న కల పక్కన పెట్టి, చక్రాల స్టూలు మీద కూర్చోవాలి. అకార్డ్ పొట్టిది కాబట్టి మెడ కాస్త వంచితే దాని కింద నిలబడవచ్చు. ఇంకో మెలిక గ్యారేజీ తలుపు. అది పైకి లేచి కప్పు కిందకొచ్చి పడుకుంటుంది. తలుపు తెరిచి ఉండగా కారు ఎత్తామా, రెంటికీ ముఖాముఖి. తలుపు పట్టాలు కప్పుకు దగ్గరగా పైకి జరిపించి, నడిమధ్యలో వేలాడే మోటారు తీసేసి గోడకు బిగించే రకం పెట్టించుకోవాలి. లిఫ్టు ధర అడిగితే మూడు నాలుగు వేల డాలర్లంటారు. తలుపు సంగతి ఆ ధరలో ఉండదు, 220 వోల్టుల లైనూ ఉండదు. ఈ దేశంలో మామూలు ప్లగ్గుల్లో వచ్చేది 120 వోల్టులే. లిఫ్టు మోటారు కోసం ఎలక్ట్రీషియన్‌ను పిలిచి విడిగా లైను లాగించాలంటే మా మామగారు నవ్వారు. "మా ఇంట్లో దోమల మందు ప్లగ్గులోనే 230 వస్తుంది కదయ్యా."

ఇంక నేల. మాది గుంటూరు జిల్లా. నల్లరేగడి నేలల్లో పుట్టి పెరిగి, ఎండాకాలం కాలు ఇరుక్కునేంత బీటలు చూసి, చదువుకుని, విమానాలెక్కి, ముప్పై ఏళ్ళ అప్పు మీద ఇల్లు కొన్నది మళ్ళీ నల్లరేగడిలోనే. డాలస్ చుట్టుపక్కల నేల ఆ జాతిదే. ఒకప్పుడు ఇక్కడా పత్తే పండించారు. వాన పడితే ఉబ్బుతుంది, ఎండ కాస్తే ముడుచుకుంటుంది, దానితో పాటు ఇల్లూ లేచి కూర్చుంటుంది. అందుకే వేసవిలో ఇక్కడివాళ్ళు ఇంటి చుట్టూ చిల్లుల గొట్టం పరిచి పునాదికి నీళ్ళు పెడతారు. వచ్చిన కొత్తలో మా మామగారు అది చూసి చాలాసేపు నిలబడిపోయారు. "మనం చేనుకు పెడతాం. వీళ్ళు గోడకు పెడుతున్నారు. పంటేం వస్తుందండీ?"

"ట్యాక్సు వస్తుందండీ" అన్నాను.

ఇలాంటి నేలమీద ఇల్లు చీలకుండా ఇక్కడి బిల్డర్లు వాడేది పోస్ట్ టెన్షన్ శ్లాబు. అరంగుళం లావున్న ఉక్కు తీగల తాళ్ళను ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టి, నిలువుగా అడ్డంగా పరిచి, పైన కాంక్రీటు పోస్తారు. కొద్దిరోజులకు కాంక్రీటు గట్టిపడ్డాక ఆ తాళ్ళను హైడ్రాలిక్ జాకీతో లాగి బిగిస్తారు. ఒక్కో తాడు మీద 33,000 పౌండ్ల దాకా లాగుడు ఉంటుంది. ఇల్లు ఉన్నంతకాలం ఆ బిగువు లోపల అలాగే ఉంటుంది. నేను పెట్టదలచుకున్న లిఫ్టు ఎత్తేది 9,000. దాని కాళ్ళ కింద పడుకున్నది ఒక్కోటి 33,000. లిఫ్టు స్తంభాలను నేలకు పట్టి ఉంచేది ముప్పావు అంగుళం యాంకర్ బోల్టులు, వాటికి నేలలో రంధ్రాలు తొలవాలి. డ్రిల్లు పోయి ఆ తాడుకు తగిలి అది తెగిందంటే, కాంక్రీటును చీల్చుకుని బయటికి రావచ్చు. లిఫ్టు కంపెనీల పుస్తకాలు కూడా, ఇలాంటి శ్లాబయితే ఇంజనీరును అడగకుండా చెయ్యి పెట్టొద్దని హెచ్చరిస్తాయి.

మా గ్యారేజీ నేలమీదే ఆ సంగతి అచ్చు వేసి ఉంది, కొయ్యకూడదు, తొలవకూడదు అని. దానిమీద బియ్యం బస్తా ఉంది.

మా మామగారు ఊరుకోలేదు. "స్తంభాలూ వద్దు, తాళ్ళూ వద్దు. ఆటోనగర్ పద్ధతిలో ఓ గొయ్యి తవ్వేద్దాం. దిగి పనిచేసుకోండి." పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, వచ్చి గోతిలో కూర్చుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు అని చెప్పాను. దాని పక్కనే మా రెండో పొయ్యి ఉందని గుర్తుచేశాను. ఆయన పొయ్యి వైపు చూశారు. గారెల మీద మమకారమో ఏమో, గోతి మాట మళ్ళీ ఎత్తలేదు.

కానీ లిఫ్టులో అసలు చూడాల్సింది ఏమిటో తేల్చింది ఆయనే. నేను మోటారు గురించీ ఆయిలు గురించీ వర్ణిస్తుంటే మధ్యలో ఆపి, "ఆయిలు కారిపోతే?" అన్నారు. లారీ కింద దూరేవాడు జాకీని నమ్మడు, చెక్క దిమ్మను నమ్ముతాడట. జాకీ ఎత్తడానికి, దిమ్మ మోయడానికి. లిఫ్టులోనూ అంతే. స్తంభాల లోపల మెట్లు మెట్లుగా ఉక్కు తాళాలుంటాయి, కారు లేస్తుంటే టక్కు టక్కుమని పడుతుంటాయి. కావలసిన ఎత్తుకు పోయాక మీట నొక్కి కాస్త కిందికి దింపి బరువును ఆ తాళాల మీద కూర్చోబెట్టాలి. అప్పుడు కారును మోసేది ఉక్కు, నూనె కాదు. ఎత్తింది ఎత్తినట్టే వదిలి కిందికి దూరేవాడికి లిఫ్టు ఎందుకు, పాత జాకీ చాలు.

ఆ తాళాలు చెప్పినట్టు పనిచేస్తాయని ఎవరు హామీ? ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్ అని ఒక సంస్థ ఉంది, దాని పరీక్ష నెగ్గిన లిఫ్టుల మీద బంగారు రంగు లేబులు అంటిస్తారు. చవక లిఫ్టుల ప్రకటనల్లో ఆ ప్రమాణాలకు "అనుగుణంగా" తయారైందని రాస్తారు. పెళ్ళి సంబంధాల్లో "ఇంజనీరింగ్ దాకా చదివాడు" అన్నప్పుడు ఎంత జాగ్రత్తపడతామో అక్కడా అంతే పడాలి. సంస్థ జాబితాలో ఆ మోడల్ పేరు ఉందా లేదా? అంతే చూడాలి. నా జాబితాలో సగం అక్కడే రాలిపోయాయి.

మిగిలింది సౌష్ఠవమా అసౌష్ఠవమా అన్న పేచీ. స్తంభాలు ఎదురెదురుగా నిలబడి నాలుగు చేతులూ సమానంగా ఉంటే కారు సరిగ్గా నడుమ ఆగుతుంది. తలుపు తెరవబోతే స్తంభానికి కొడుతుంది. స్తంభాలను కొంచెం వారగా తిప్పి, ముందు చేతులు పొట్టిగా, వెనక చేతులు పొడుగ్గా చేస్తే కారు కాస్త వెనక్కి జరిగి నిలబడుతుంది, ఇంజను బరువు స్తంభాల దగ్గరికొస్తుంది, డ్రైవరు బయటికి దిగగలుగుతాడు. ముందు ఇంజను ఉన్న మామూలు కార్లకు ఇదే మేలు. నా పొట్ట సంగతి చూసుకున్నా ఇదే మేలు.

అన్నీ తేలాక ఇంజనీరు చెప్పినమీదట, శ్లాబును రాడారుతో స్కాన్ చేసే మనిషిని పిలిపించాను. చిన్న బండిలాంటిది నేలంతా తోసుకుంటూ, లోపల తాడు ఉన్నచోటల్లా పసుపు క్రేయానుతో గీతలు గీశాడు. కాంక్రీటు మందమూ చూశాడు. స్తంభం పాదాల కింద నాలుగు అంగుళాల పైచిలుకు ఉండాలి, ఉంది. ఆయన వెళ్ళాక మా అత్తగారు వచ్చి చూసి, "ముగ్గు సగంలో వదిలేసిందెవరే?" అని మా ఆవిడను కేకేశారు.

ఆ గీతల మధ్య, రెండు స్తంభాల పాదాలూ ఏ తాడుకూ తగలకుండా నిలబడగల చోటు గ్యారేజీ మొత్తంలో ఒక్కటే దొరికింది. ఒక పాదం బొమ్మల కొలువు మెట్ల కింద. రెండోది ఫ్రీజరు కింద.

"దాన్ని పక్కకు జరుపుదాం" అన్నాను.

"ఎక్కడికండీ?" అంది మా ఆవిడ. నిజంగానే చోటు లేదు. రెండు స్తంభాల వెడల్పే పదకొండున్నర అడుగులు. మిగిలిందాంట్లో పొయ్యీ బియ్యమూ మెట్లూ సర్దుకోవాలి.

చర్చలు చాలాకాలం నడిచాయి. మా మామగారు మధ్యవర్తిగా కూర్చున్నారు గానీ, ఆయనకు అటు కూతురు, ఇటు లిఫ్టు. చివరికి కుదిరిన ఒప్పందం ప్రకారం 9,000 పౌండ్లది, పలక రకం, వారగా తిరిగిన స్తంభాలది, బంగారు లేబులుది ఆర్డరు పెట్టాను. పదిహేను వందల పౌండ్ల కట్టను లారీవాడు వీధి వరకే తెస్తానన్నాడు. అక్కడినుంచి లోపలికి మోయడానికి బిరియానీ పెడతానంటే శనివారం మిత్రులంతా వస్తామన్నారు. నేను ఫోర్క్‌లిఫ్టు అద్దెకు మాట్లాడాను, బిరియానీ వాళ్ళకు విడిగా పెడతాను. మా మామగారు తిరుగు టికెట్టు నెల వెనక్కి జరిపించుకున్నారు.

ఫ్రీజరు నా ఆఫీసు గదిలోకి వచ్చింది. నా కుర్చీ వెనకాలే. మొన్న మీటింగులో మా మేనేజరు, ఆ గుర్రుమనే చప్పుడేమిటని అడిగాడు. ఏదో సర్వరన్నాను. ఎంత డేటా ఉంటుందన్నాడు. సంక్రాంతి దాకా సరిపోతుందన్నాను.