స్టీరింగ్ పీకుడు శాస్త్రం

కారు తిన్నగా పోతూ ఉండగా స్టీరింగ్ మాత్రం ఒక పక్కకు ఒరిగి ఉండటమనే లోపానికి తెలుగునాట చాలా టైర్ల షాపుల్లో చిరకాలంగా చలామణిలో ఉన్న చికిత్స ఏమిటంటే, ఆ స్టీరింగ్‌ను ఊడబీకి, తిన్నగా కనిపించేటట్టు మళ్ళీ తగిలించడం. దీనికి పావుగంట చాలు. ఒక పానా, ఒక సుత్తి, రెండు బలమైన చేతులు తప్ప వేరే సరంజామా అక్కర్లేదు. ఫలితం ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది కనుక డబ్బిచ్చేవాడికి సందేహం రాదు. ఇన్ని సుగుణాలున్న విధానాన్ని కార్ల కంపెనీలు తమ సర్వీసు పుస్తకాల్లో ఎందుకు చేర్చలేదన్నది ఆలోచించవలసిన విషయమే గాని, అక్కడి ఇంజనీర్లకు ఇంత సులువు తట్టి ఉండదని ఈ సంప్రదాయానికి చెందిన పండితులు ఇదివరకే తేల్చేశారు.

పండితుల వాదాన్ని తూచాలంటే కారు కిందికి ఒకసారి తొంగి చూడక తప్పదు. స్టీరింగ్‌ను తిప్పినప్పుడు ఆ తిప్పుడు కాలమ్ షాఫ్టు అనే కడ్డీ గుండా కిందికి దిగి, దాని కొసనున్న చిన్న పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. అది రాక్ అనే అడ్డుకడ్డీని కుడికో ఎడమకో జరుపుతుంది. రాక్ రెండు చివరలకూ తగిలించి ఉన్న టై రాడ్లు ముందు చక్రాలను తోయడమో లాగడమో చేస్తాయి. టై రాడ్డుకు మరలుంటాయి కనుక దాన్ని తిప్పి పొడవు పెంచవచ్చు, తగ్గించవచ్చు. కుదిరిన చోట కదలకుండా లాక్ నట్టు బిగిస్తారు. ముందు చక్రాల టోను నిర్ణయించేది ఈ రెండు టై రాడ్ల పొడవే. పైనుంచి చూసినప్పుడు రెండు చక్రాల ముందు అంచుల మధ్య దూరానికీ, వెనుక అంచుల మధ్య దూరానికీ ఉండే తేడాను టో అంటారు. ముందు అంచులు దగ్గరగా ఉంటే టో-ఇన్, దూరంగా ఉంటే టో-అవుట్.

కారు కదలగానే, రెండు చక్రాల మీదా పక్కనుంచి పడే బలాలు సమమయ్యేదాకా చక్రాలు తమంతట తామే సర్దుకుంటాయి, అంటే మొత్తం టో ఎంత ఉన్నా దాన్ని చెరిసగం పంచుకుంటాయి. రాక్ నడిమధ్యన ఉన్నప్పుడు ఈ వాటాలు ముందే సమంగా ఉంటే స్టీరింగ్ తిన్నగా నిలుస్తుంది; ఒక టై రాడ్డు ఉండవలసినదానికంటే పొడుగై రెండోది పొట్టిదైతే, చక్రాలు తమ వాటా తాము తీసుకునే క్రమంలో రాక్‌ను ఒక పక్కకు నెడతాయి, రాక్ జరిగిన మేరకు పైన స్టీరింగ్ తిరుగుతుంది. చాలా చిన్న కార్లలో రోడ్డు మీది చక్రం 1 డిగ్రీ తిరగడానికి స్టీరింగ్ సుమారు 15 డిగ్రీలు తిరగాలి కనుక, కింద కంటికి ఆనని లోపం కూడా పైన కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒరిగిన స్టీరింగ్ కింద జరిగిన తప్పుకు సాక్షి అన్నమాట. ఆ సాక్షిని పీకి తిన్నగా కూర్చోబెట్టడం, గోడ ఒరిగిందని మొరపెట్టుకున్న ఇంటాయనకు గోడకున్న పటాన్ని సర్ది చూపించడం లాంటిది.

పోనీ, పటమైనా తిన్నగా కుదురుతుందా అంటే అక్కడా లెక్క అడ్డం తిరుగుతుంది. షాఫ్టు కొసన స్టీరింగ్ దిగబడే చోట చుట్టూ సన్నని పళ్ళుంటాయి. అవి 36 ఉన్నాయనుకుంటే, ఒక్క పన్ను జరిపినా స్టీరింగ్ 10 డిగ్రీలు మారుతుంది, అంతకంటే తక్కువ మార్చడం ఎవరి తరమూ కాదు. ఎడమకు 5 డిగ్రీలు ఒరిగిన స్టీరింగ్‌ను ఒక పన్ను జరిపి తగిలిస్తే అది కుడికి 5 డిగ్రీలు ఒరుగుతుంది. ఎడమ వంకర పోయిందా లేదా అని పండితుడు నిలదీసినప్పుడు, పోలేదని అనగలిగే ధైర్యం ఏ కారు యజమానికీ ఉండదు. కొన్ని కార్లలో ఒక పన్నును కావాలనే వెడల్పుగా చేసి, స్టీరింగ్ ఒకే ఒక్క తీరులో దిగేటట్టు కట్టడి చేశారు; ఆ పన్నును చూసి ఆగిపోయేవాడిని మెకానిక్ అనీ, ఆకురాయి అందుకునేవాడిని మహామహోపాధ్యాయుడనీ అనాలి.

స్టీరింగ్ పైకి తిన్నగా నిలిచిందనే అనుకున్నా, రాక్ మాత్రం తన మధ్యస్థానానికి రాలేదు. అందువల్ల ఒక పక్కకు పూర్తిగా తిరిగే కారు రెండో పక్కకు అంతగా తిరగదు, ఇరుకు వీధిలో ఎడమకు ఒక్క ఊపులో యూ టర్ను కొట్టిన బండి కుడికి రివర్సు గేరు అడగవచ్చు. మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కంటే ఎక్కువ తిరగాలన్న అమరిక ఒకటుంది. జర్మన్ బండ్ల తయారీదారు లాంకెన్‌స్పెర్గర్ రూపొందించగా 1818లో లండన్‌లో పేటెంటు పుచ్చుకున్న ఆకర్‌మన్ పేరు దానికి స్థిరపడింది (కష్టం ఒకరిది, కీర్తి మరొకరిది కావడం మోటారు రంగంలో కార్లు పుట్టకముందే మొదలైందన్నమాట). రాక్ మధ్యలో లేనప్పుడు ఈ అమరిక కుడి మలుపుకు ఒకలాగా, ఎడమ మలుపుకు ఒకలాగా తయారవుతుంది. ఇక మొత్తం టోలోనే లోపముంటే ఆ లోపం చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది: 600 మిల్లీమీటర్ల వ్యాసమున్న టైరు ఆ అడ్డుకొలతలో 3 మిల్లీమీటర్లు వంకరగా ఉంటే, కారు కిలోమీటరు నడిచేసరికి ఆ టైరు సుమారు 5 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోయినట్టు లెక్క. రబ్బరు అరుగుతున్నది అక్కడ. షాపులో సరిచేసింది ఎక్కడో పైన. పైన పటారం, లోన లొటారం అన్న మాటకు ఇంతకంటే నిక్కమైన ఉదాహరణ దొరకదు.

పూర్వం ఈ పీకుడు వల్ల నష్టం ఇంతటితో ఆగేది. ఇప్పుడు స్టీరింగ్ నడుమ ఎయిర్‌బ్యాగు ఉంటుంది. మన దేశంలో 2019 జూలై 1 నుంచి తయారయ్యే ప్రతి కొత్త కారులోనూ డ్రైవరు వైపు అది తప్పనిసరి. ఎయిర్‌బ్యాగుకూ హారనుకూ కరెంటు అందించే తీగ, రిబ్బను మాదిరిగా ఒక గుండ్రని డబ్బాలో చుట్టలు చుట్టుకుని స్టీరింగ్ కింద ఉంటుంది, దాన్ని క్లాక్ స్ప్రింగ్ అంటారు. అది అటూ ఇటూ కొన్ని చుట్లకు మించి తిరగదు. స్టీరింగ్ ఊడదీసినప్పుడు దాన్ని కదలకుండా పట్టి ఉంచకపోతే చేతిలో తిరిగిపోతుంది. ఒక చుట్టు తేడాతో మళ్ళీ బిగించేస్తే, ఎప్పుడో ఒకరోజు పార్కింగ్‌లో స్టీరింగ్ కొసదాకా తిప్పగానే రిబ్బను పుటుక్కుమంటుంది. హారను మూగబోతుంది, ఎదురుగా ఎయిర్‌బ్యాగు దీపం ఎర్రగా వెలుగుతుంది, ఆ దీపాన్ని ఆర్పడానికి వేరే పండితుడు వస్తాడు.

అంతకంటే సూక్ష్మమైన చిక్కు మరొకటుంది. కారు జారుతున్నప్పుడు ఏదో ఒక చక్రానికి మాత్రమే బ్రేకు వేసి బండిని దారిలో పెట్టే ఎలక్ట్రానిక్ వ్యవస్థకు, డ్రైవరు ఏ వైపు పోదలచుకున్నాడో స్టీరింగ్ కోణం కొలిచే సెన్సరు చెబుతుంది. ఈ సెన్సరు షాఫ్టు తిరుగుడును చదివే కార్లలో, పైన స్టీరింగ్‌ను ఎన్నిసార్లు పీకి తగిలించినా షాఫ్టు వంకర వంకరగానే ఉంటుంది కనుక, కారు తిన్నగా పోతున్నంతసేపూ కంప్యూటరుకు మాత్రం మలుపు తిరుగుతున్నట్టే కబురు అందుతుంది. మనిషి కళ్ళకు గంతలు కట్టడం తేలికే. షాఫ్టుకు అంటుకుని ఉన్న సెన్సరుకు కట్టడం ఈ శాస్త్రానికి ఇంకా చేతకాలేదు.

పీకుడు మోటు పని అని ఈసడించే నాగరిక శాఖ ఒకటుంది. ఈ శాఖవారు టై రాడ్డు దాకా వెళతారు గాని, ఒకే టై రాడ్డు దాకా వెళతారు. రెండోదాని లాక్ నట్టు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది, దానికి నూనె కొట్టి కాసేపు ఆగడానికి తీరిక ఉండదు. మొత్తం టోలో 1 డిగ్రీ లోపముందనుకుంటే, దాన్నంతా ఒక్క పక్కనే దిద్దినా, అలైన్‌మెంట్ కొలిచే త్రీడీ యంత్రం తెరమీద అంకె సరిపోతుంది. కానీ రోడ్డెక్కగానే చక్రాలు చెరి అర డిగ్రీ పంచుకుంటాయి, స్టీరింగ్ ఏడున్నర డిగ్రీలు ఒరుగుతుంది. తిన్నని స్టీరింగ్‌తో షాపులోకి వెళ్ళి వంకర స్టీరింగ్‌తో బయటికి రావడమనే అద్భుతానికి మూలం ఇదే. ఆ తర్వాత పీకుడు శాఖ అవసరం ఎలాగూ పడుతుంది కనుక, రెండు శాఖల మధ్య సిద్ధాంత విభేదాలున్నా వృత్తిపరమైన సహకారం చక్కగా సాగుతోంది.

ఈ తంతు చివర కారు యజమాని చేతికి రంగుల కాగితం ఒకటి అందుతుంది. అందులో ఎరుపు గడులు దోషాలు, పచ్చ గడులు శుభాలు. క్యాంబర్ అంటే ముందునుంచి చూసినప్పుడు చక్రం నిలువునుంచి ఎంత వాలిందో చెప్పే కొలత. క్యాస్టర్ అంటే, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఏ ఇరుసు మీద కుడి ఎడమలకు మళ్ళుతుందో అది పక్కనుంచి చూస్తే ఎంత వాలి ఉందో చెప్పేది. చాలా చిన్న కార్లలో ఈ రెంటినీ సవరించే ఏర్పాటు కంపెనీ ఇవ్వనే లేదు, సవరించగలిగేది టో ఒక్కటే. కానీ కాగితం మీద క్యాంబర్ ఎర్రగా ఉందంటే యజమాని గుండె జారుతుంది, గుండె జారినచోట బిల్లు పెరుగుతుంది. హైడ్రాలిక్ జాకీ తగిలించి స్ట్రట్‌ను, అంటే చక్రాన్ని నిలబెట్టే స్ప్రింగు కంబాన్ని, వంచి గడిని పచ్చబరచడం కూడా ఈ సంప్రదాయంలో సత్కార్యమే. టైర్లలో నైట్రోజన్ కూడా పట్టించుకోమని ఆ ఊపులోనే సలహా వస్తుంది. ఉచితంగా దొరికే గాలిలో 78 శాతం నైట్రోజనే గనుక ఆ బేరం మిగతా 22 శాతం మీద అనుకోవాలి.

కాగితంలో కనిపించనివి అసలు పనులు. కొలతకు ముందు నాలుగు టైర్ల గాలీ సరిచూడాలి. చక్రాన్ని రెండు చేతులా పట్టి ఊపి టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, బుష్‌లు వదులయ్యాయేమో చూడాలి, ఎందుకంటే వదులు జాయింటు మీద తీసిన కొలత మొదటి గోతి దాకానే నిజం. రిమ్ము వంకర కొలతలో కలవకుండా కారును కాస్త వెనక్కీ ముందుకూ దొర్లించాలి. వెనుక చక్రాలను ముందుగా చూడాలి: వెనుక ఇరుసు 0.3 డిగ్రీలు పక్కకు చూస్తుంటే, ముందు చక్రాలు కూడా అంతే తిరిగితే తప్ప కారు తిన్నగా పోదు, దానితో స్టీరింగ్ నాలుగున్నర డిగ్రీలు ఒరుగుతుంది, ముందు చక్రాల అంకెలు ఎంత పచ్చగా ఉన్నా సరే. ఆ తర్వాత ఇంజను స్టార్టు చేసి, స్టీరింగ్‌ను అటూ ఇటూ కదిపి సరిగ్గా నడిమికి తెచ్చి, సీటుకూ స్టీరింగ్‌కూ మధ్య బిగించే కడ్డీతో కదలకుండా నిలపాలి. చాలా షాపుల్లో ఈ కడ్డీ గోడకు ఆనించి ఉంటుంది, దాని మీద తుడుచుకునే గుడ్డ ఆరేసి ఉంటుంది.

స్టీరింగ్ నిలిచాక చేయవలసింది కాస్తే. టై రాడ్డు మీది రబ్బరు బూటు మెలిపడకుండా దాని క్లిప్పు వదులు చేసి, రెండు లాక్ నట్లూ విప్పి, ఒక్కో చక్రపు టోను విడివిడిగా దాని వాటా అంకెకు తేవాలి. మొత్తం టో సరిగ్గానే ఉండి స్టీరింగ్ మాత్రమే ఒరిగితే, ఒక టై రాడ్డును ఎంత పొడిగిస్తే రెండోదాన్ని అంతే కుదించాలి. పని ఎలా జరిగిందో తర్వాత కారు కింద చూసినా తెలుస్తుంది: మెలితిరిగిన బూటు ఒక శాఖ సంతకం, ఒక టై రాడ్డుకు బయట మరలు బెత్తెడు కనిపిస్తూ రెండోదానికి కనిపించకపోవడం మరో శాఖ సంతకం. కంప్యూటరు లేని రోజుల్లో ఆటోనగర్ మిస్త్రీలు దారం కట్టి, స్టీలు స్కేలు ఆనించి లారీల టో చూసేవాళ్ళు. రెండు పక్కలా కొలిచే ఓపిక ఉన్న దారం, ఒక పక్కనే దిద్దే త్రీడీ యంత్రం కంటే ఎక్కువ నిజం చెప్పేది.

ఇన్ని చెప్పినా స్టీరింగ్ కాస్త కుడికే ఉందని యజమాని తిరిగొస్తే, పండితుడి అమ్ములపొదిలో చివరి బాణం ఒకటి మిగిలి ఉంటుంది: రోడ్డు వాలు. విచిత్రమేమంటే ఇది నిజం. వాన నీళ్ళు పారడానికి రోడ్డు అంచులను వాల్చి వేస్తారు, ఎడమ పక్కన నడిచే మన దేశంలో కారు ఎడమకు జారుతుంది, దాన్ని ఆపడానికి స్టీరింగ్ వెంట్రుకవాసి కుడికి పట్టవలసి వస్తుంది. అందుకే అలైన్‌మెంట్ అయ్యాక బండిని చదునైన రోడ్డు మీద నడిపి చూడాలని సర్వీసు పుస్తకాలు చెబుతాయి. అలాంటి రోడ్డు ఊళ్ళో ఎక్కడుందో చూపించమని మిస్త్రీ అడిగితే మాత్రం, ఆ ప్రశ్నను మోటారు శాస్త్రం నుంచి తప్పించి పురపాలక శాఖకు బదిలీ చేయవలసి ఉంటుంది.