సగటువాది

అమెరికాలో ఏ బేస్‌బాల్ మైదానానికి వెళ్లినా, మొదటి బేస్ వైపు గ్యాలరీలో, మరీ ఖరీదైనవీ మరీ చవకవీ కాని సీట్లలో, ఒళ్లో స్కోరు పుస్తకం పెట్టుకుని చెవి మీద పెన్సిల్ దోపుకున్న పెద్దమనిషి ఒకాయన తప్పకుండా కనిపిస్తాడు. పేరు ఊరికొకటిగా మారినా స్వభావం బోస్టన్ నుంచి శాన్ డియేగో దాకా ఒక్కటే కనుక, ఆయనను సగటువాది అని వ్యవహరించడం సబబు. బ్యాటర్ అనేవాడికి బంతిని బలంగా బాదడం కన్నా తరచుగా తగిలించడం ముఖ్యమనీ, ఫీల్డర్ల మధ్య ఖాళీ చూసి అందులోకి బంతిని పంపి వినయంగా మొదటి బేస్ చేరుకోవడమే పెద్దింటి లక్షణమనీ, కంచె దాటించాలన్న ఆశతో గాలిని నరికేవాడు ఆట పరువు తీసినవాడనీ ఆయన సిద్ధాంతం. ఈ సిద్ధాంతాన్ని ఆయన ఎవరూ అడగకుండానే చెబుతాడు. ఎవరైనా పొరపాటున అడిగితే ఆట ముగిసి దీపాలు ఆర్పేదాకా చెబుతాడు.

ఆయన కొలిచే సగటు ఏమిటో ముందుగా తెలుసుకోవడం అవసరం. బ్యాటర్ బంతిని కొట్టి, ఎదుటివారి చేతకానితనం వల్ల కాకుండా తన దెబ్బ వల్లనే క్షేమంగా బేస్ అనే మజిలీ చేరితే దానిని హిట్ అంటారు. మొత్తం హిట్లను అతడు బ్యాటు పట్టిన అవకాశాల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే సగటు. పిచర్ నాలుగు బంతులు దారి తప్పి విసిరినప్పుడు బ్యాటర్‌కు ఉచితంగా దక్కే మొదటి బేస్‌ను వాక్ అంటారు, అది ఈ లెక్కలోకి రాదు. పదింట మూడు హిట్లు సాధించినవాడి సగటును దశాంశ బిందువు వదిలేసి మూడువందలు అని పలుకుతారు, ఆ అంకె దాటినవాడికి హారతులు పడతారు. ముప్పై అయిదు మార్కులు రాకపోతే పరీక్ష తప్పినట్టే లెక్కగట్టే దేశపు పాఠకులకు, ముప్పై శాతానికి పట్టాభిషేకం చేసే ఈ ఏర్పాటు వింతగా తోచవచ్చు గాని, అరవై అడుగుల ఆరంగుళాల దూరం నుంచి బయలుదేరిన బంతి సెకనులో సగం కూడా గడవక ముందే మీదికి వచ్చి పడుతుందన్న సంగతి గుర్తుంచుకుంటే పరీక్ష రాసేవాళ్ల మీద కాస్త జాలి కలుగుతుంది. సప్లిమెంటరీ గీత కూడా ఒకటి ఉంది: సగటు రెండువందలకు దిగితే మెండోసా గీత తగిలిందంటారు. ఆ పేరుకు కారకుడైన మారియో మెండోసా జీవితకాల సగటు 215, అంటే పాపం ఆయన తన పేరుమీది గీతకు పైనే ఉన్నాడు.

ఈ లెక్కను ప్రచారంలోకి తెచ్చిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండులో పుట్టి న్యూయార్క్ పత్రికలకు క్రికెట్ వార్తలు రాసిన మనిషి. అందుచేత క్రికెట్‌కూ తన శాస్త్రానికీ దూరపు బంధుత్వం ఉందని సగటువాదికి తెలుసు. డల్లాస్‌లో స్థిరపడి, పిల్లల పుణ్యమా అని బేస్‌బాల్ మెట్లెక్కిన తెలుగు తండ్రి ఎవరైనా పక్క సీట్లోకి వస్తే ఆయనకు పండగే; కాని ఆ తండ్రి మర్యాద కొద్దీ బ్రాడ్‌మన్ సగటు 99.94 అని చెప్పినప్పుడు పెన్సిల్ ఒక్క క్షణం ఆగుతుంది. క్రికెట్ సగటు అవుటుకు ఎన్ని పరుగులో చెప్పేదనీ, తనది అవకాశానికి ఎన్ని హిట్లో చెప్పేదనీ వివరించి ఆయన తేరుకుంటాడు, అయినా ఆ సాయంత్రమంతా ఆ అంకె ఆయనను వదలదు.

సగటువాది మనసు చదవాలంటే ఆయన స్కోరు పుస్తకం చూస్తే చాలు. అందులో ప్రతి బ్యాటర్‌కూ ఒక గడి, ప్రతి గడిలో వజ్రాకారంలో నాలుగు బేసుల బొమ్మ ఉంటాయి. ఫీల్డర్లకు ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు ఉంటాయి కనుక, రెండో, మూడో బేసుల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ బంతిని అందుకుని మొదటి బేస్‌కు విసిరి అవుట్ చేస్తే ఆరు, మధ్యలో చిన్న గీత, మూడు అని రాసుకుంటే సరిపోతుంది. కొట్టదగ్గ బంతిని వదిలేసినా, ఊపి తగిలించలేకపోయినా ఒక స్ట్రైక్; మూడు స్ట్రైకులకు అవుటైతే స్ట్రైకవుట్, అలా అవుటైనవాడి గడిలో కె అనే అక్షరం రాయాలి. దీనిని సగటువాది ఎంత అదిమి రాస్తాడంటే కింది మూడు పేజీలలో కూడా అచ్చు కనిపిస్తుంది. సింగిల్ అంటే ఒక్క బేస్ మాత్రం సంపాదించిపెట్టే హిట్. దాని గీతను ముగ్గుకర్ర వేసినంత పొందికగా, నాలుక కొస పంటికింద పెట్టుకుని గీస్తాడు. బంతి కంచె దాటి, బ్యాటర్ బేసులన్నీ చుట్టివచ్చే హోమ్ రన్ అయితే వజ్రం మొత్తాన్నీ నల్లగా పూరించాలన్నది ఆచారం, ఆ పని ఆయన సగం పూరించి వదిలేస్తాడు.

ఆయన పూజామందిరంలో విగ్రహాలు పరిమితం. ఫీల్డర్లు లేనిచోటికి కొట్టడమే తన రహస్యమని చెప్పి 1897లో 424 సగటు సాధించిన విల్లీ కీలర్ ఒకడు. 2004లో 262 హిట్లతో, 1920 నుంచి నిలిచి ఉన్న జార్జ్ సిస్లర్ రికార్డును దాటిన ఇచిరో సుజుకి మరొకడు. అయితే మూలవిరాట్టు మాత్రం టై కాబ్. బేబ్ రూత్ 1919లో 29, మరుసటి ఏడు 54 హోమ్ రన్లు కొట్టి దేశాన్ని ఉర్రూతలూగించాక, ఆ పొగడ్తలు విని విని విసిగిన కాబ్ 1925 మే నెలలో సెయింట్ లూయిస్‌లో, ఇవాళ తానూ హోమ్ రన్ల కోసమే ఆడతానని పత్రికలవారితో చెప్పి దిగాడంటారు. చెప్పినా చెప్పకపోయినా, మే 5న ఆరు అవకాశాలకు ఆరు హిట్లు కొట్టాడు, వాటిలో మూడు హోమ్ రన్లు. మర్నాడు ఇంకో రెండు కొట్టాడు. ఏడాది మొత్తానికి లెక్క మాత్రం పన్నెండే తేలింది. సగటువాది వేదాంతమంతా ఈ పన్నెండు మీదే నిలబడి ఉంది: సింగిల్ కొట్టేవాడు బలం లేక కొట్టడు, బలం ఉండి కూడా వద్దనుకుని కొడతాడు. చేతకాకపోవడానికీ వైరాగ్యానికీ బయటినుంచి చూస్తే తేడా తెలియదు గనుక, ఈ వాదాన్ని కాదనడం ఎవరితరమూ కాలేదు.

టోనీ గ్విన్ పేరెత్తినప్పుడు మాత్రం ఆయన గొంతు తడబడుతుంది. ఇరవై సీజన్లు శాన్ డియేగోకే ఆడిన గ్విన్, 1994లో 394 సగటు దగ్గర ఉండగా ఆటగాళ్ల సమ్మె వచ్చి ఆగస్టులోనే సీజన్ ఆగిపోయింది. ఆ సమ్మెను సగటువాది ఇప్పటికీ క్షమించలేదు, రెండు పక్షాలనూ కలిపి తిడతాడు. గ్విన్ ఇరవై సీజన్లలో స్ట్రైకవుట్ అయింది 434 సార్లు. మార్క్ రేనాల్డ్స్ అనే ఆధునికుడు 2009లో 223 సార్లు, 2010లో 211 సార్లు స్ట్రైకవుటై, సరిగ్గా అదే 434ను రెండు సీజన్లలో పూర్తి చేశాడు. ఈ కూడికను సగటువాది పుస్తకం అట్ట లోపలి వైపు రాసి పెట్టుకున్నాడు, కొత్తవారికి తెరిచి చూపిస్తాడు.

ఇక్కడే అల్లుడు ప్రవేశిస్తాడు. అల్లుడికి మర్యాద చేయాలన్న నియమం ఆ దేశంలో లేదు, మామగారి మాటకు ఎదురు చెప్పకూడదన్న నియమం అసలే లేదు. కాబట్టి పక్క సీట్లో ఫోను పట్టుకుని కూర్చున్న ఆ యువకుడు, ఆ రెండు సీజన్లలోనే రేనాల్డ్స్ 76 హోమ్ రన్లు కొట్టాడనీ, గ్విన్ ఇరవై సీజన్లకూ కలిపి కొట్టినవి 135 అనీ చదివి వినిపిస్తాడు. అతడు బలపక్షం మనిషి. 2015 నుంచి ప్రధాన లీగు మైదానాలన్నిటిలో అమర్చిన పరికరాలు బంతి బ్యాటును వదిలిన వేగాన్నీ, నేలతో చేసిన కోణాన్నీ కొలుస్తున్నాయి. ఇరవై అయిదు, ముప్పై డిగ్రీల మధ్య గట్టిగా లేచిన బంతే లాభసాటి అని అతడి మతం. సగటున ఒక సింగిల్ విలువ అర పరుగుకు కాస్త తక్కువ, హోమ్ రన్ విలువ ఒకటిన్నరకు కాస్త తక్కువ, కాబట్టి మూడు సింగిళ్లు ఒక హోమ్ రన్‌తో సమానమన్నది గణాంకవేత్తలు ఏనాడో తేల్చిన లెక్క. సగటు మాత్రం రెంటినీ ఒకే హిట్‌గా జమకడుతుంది. 2023లో లూయిస్ అరాయెస్ 354 సగటుతో నేషనల్ లీగులో అగ్రస్థానం పొందాడు, కొట్టిన హోమ్ రన్లు పది. అదే ఏడు కైల్ ష్వార్బర్ సగటు 197, మెండోసా గీతకు దిగువన, కాని హోమ్ రన్లు 47, వాకులు 126. వాకుల మాట వినగానే సగటువాదికి ఒళ్లు మండుతుంది. బ్యాటును భుజం మీంచి దించకుండా నడిచిపోవడాన్ని ఆయన ఆటలో భాగంగా గుర్తించడు, అడుక్కోవడంగా గుర్తిస్తాడు.

న్యాయంగా చెప్పాలంటే లెక్కలో అల్లుడిదే పైచేయి. పిచర్లు వేగం పెంచారు, అలసినవాడి స్థానంలో ఎప్పటికప్పుడు తాజా పిచర్ దిగుతున్నాడు. అలాంటివాళ్ల మీద వరసగా మూడు సింగిళ్లు కొట్టి ఒక పరుగు తీయడం కన్నా, మూడుసార్లు గాలిలో ఊపి ఒక్కసారి కంచె దాటించడమే చౌక. ఆ చౌకబేరం ఫలితంగా 2018లో చరిత్రలో మొదటిసారిగా స్ట్రైకవుట్లు హిట్ల సంఖ్యను మించాయి. 2023లో బేసుల దగ్గరి ఫీల్డర్లు ఒకవైపే గుమికూడకుండా రెండో బేస్‌కు ఇరుపక్కలా ఇద్దరిద్దరు ఉండాలన్న నిబంధన వచ్చినప్పుడు సగటువాది తన కాలం తిరిగి వచ్చిందని సంబరపడ్డాడు. మొత్తం ఆటగాళ్ల సగటు 243 నుంచి 248కి లేచి, మరుసటి సంవత్సరం మళ్లీ 243కే దిగింది.

మామా అల్లుళ్లు ఇద్దరికీ అచ్చిరాని పేరు టెడ్ విలియమ్స్. 1941లో 406 సగటు సాధించాడు కనుక ఆయన మావాడని మామ అంటాడు. జీవితంలో 521 హోమ్ రన్లు కొట్టాడు, బ్యాటును కొద్దిగా పైకి ఊపమని పుస్తకంలో రాశాడు కనుక మావాడని అల్లుడు అంటాడు. ఆ పుస్తకం మామగారింట్లోనే ఉంది. రూత్ జీవితకాల సగటు 342 అన్న సంగతి కూడా ఆ ఇంట్లో ఎవరికీ తెలియనిది కాదు గాని, భోజనాల దగ్గర దాన్ని ఎవరూ ఎత్తరు.

సగటు మీద ఇంత భక్తి ఉన్నవాడు దాన్ని కంటితో పట్టగలడా అన్నది మరొక ప్రశ్న. అయిదువందల అవకాశాలలో 250 సగటువాడు 125 హిట్లు కొడతాడు, 300వాడు 150 కొడతాడు. సీజన్ ఆరు నెలలు. అంటే దేవుడికీ మామూలువాడికీ మధ్య దూరం వారానికి ఒక్క హిట్. వారానికొక ఆటకు వచ్చి, ఒక్కో బ్యాటర్‌ను నాలుగుసార్లు చూసి, మధ్యలో రెండుసార్లు వేయించిన పల్లీల కోసం లేచి వెళ్లే మనిషికి ఆ తేడా ఎలా కనిపించాలి? అయినా ఆయన కనిపిస్తుందనే అంటాడు, మణికట్టులో తెలుస్తుందంటాడు. స్కోరు బోర్డు మీద సగటు అంకె వెలిగిన తరువాతే ఆ మణికట్టు ఆయనకు తెలుస్తుంది.

ఆదివారం నాడు ఇదే పెద్దమనిషి ఆఫీసు జట్టు తరఫున సాఫ్ట్‌బాల్ ఆడతాడు. ఇది బేస్‌బాల్‌కు తమ్ముడి వరస ఆట. పెద్ద బంతిని కిందిచేత్తో నెమ్మదిగా ఎగరేసి వేస్తారు, దాన్ని ఫీల్డర్ల మధ్యకు తోయడం అంత కష్టం కాదు. సగటువాది మాత్రం కాళ్లు వెడల్పుగా పాతి, వెనక మోకాలు వంచి, ఎడమ ఫీల్డు వెనకున్న పార్కింగు స్థలంలో ఏ కారు ఉందో ఓరకంట చూసి, ప్రాణమంతా పెట్టి ఊపుతాడు. బంతి ఎత్తుగా లేస్తుంది, ఎడమ ఫీల్డరు రెండడుగులు కూడా కదలకుండా పట్టుకుంటాడు. ఎప్పుడైనా సరిగా తగలక నేలమీద దొర్లి, ఎదుటి జట్టు గుమాస్తా కాళ్ల సందులోంచి పోతే, అది ఫీల్డరు తప్పిదమా బ్యాటర్ హిట్టా అని నిర్ణయించవలసింది స్కోరరు. ఆ జట్టు స్కోరరు ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

పెద్ద మైదానంలోనూ ఇదే కథ. బంతి బ్యాటును వదిలిన చప్పుడు మామూలు కన్నా ఒక్క పిసరు బరువుగా వినిపిస్తే, నలభైవేల మందిలో మొదట లేచేది ఆయనే. పుస్తకం కింద పడుతుంది, పెన్సిల్ ముందు వరుసవాడి మెడలో దిగుతుంది, నోరు తెరుచుకుంటుంది. బంతి కంచె దాటాక కూర్చుని, ముందువాడి తల అడ్డమొచ్చినందువల్ల లేవవలసి వచ్చిందని చెబుతాడు. ఇరవై ఏళ్లుగా పక్కన కూర్చుంటున్న భార్యకు మాత్రం, సింగిల్ చూసి ఆయన లేచి నిలబడిన రోజు ఒక్కటీ జ్ఞాపకం లేదు.

అల్లుడు ఆఖరి అస్త్రంగా వేడ్ బోగ్స్ పేరెత్తుతాడు. అయిదుసార్లు సగటులో అగ్రస్థానం పొందిన బోగ్స్ సింగిళ్ల చక్రవర్తి, మామగారి పూజామందిరంలో ఉత్సవమూర్తి. 1999 ఆగస్టు 7న ఆయన తన మూడువేలవ హిట్ కొట్టి, బేసులన్నీ చుట్టివచ్చి, మోకరిల్లి హోమ్ ప్లేటును ముద్దాడాడు; అది హోమ్ రన్. అంతకుముందు ఆ మైలురాయిని హోమ్ రన్‌తో దాటినవాడు ఒక్కడూ లేడు. ఆ రోజు గాలి అటువైపు వీచిందని సగటువాది అంటాడు. ఆ ఆట జరిగిన ట్రాపికానా ఫీల్డ్ పైకప్పు ఉన్న స్టేడియం.